బెంజ్ పేరు వెనక బెర్తా

మన ధర్మపురి హైవే మీద భారత్‌బెంజ్ లారీలు పోతుంటాయి. చెన్నై దగ్గర ఒరగడంలో 2012 నుంచి తయారవుతున్నాయి. ఆ బెంజ్ ఎవరంటే, కారు కనిపెట్టిన కార్ల్ బెంజ్ అని ఠక్కున చెప్తాం. పెళ్లికి ముందే తన కట్నం డబ్బుతో ఆయన వర్క్‌షాపును నిలబెట్టిన బెర్తా ఎంతమందికి తెలుసు?

1886లో పేటెంటు వచ్చినా ఆ బండి మీద జనానికి నమ్మకం కుదరలేదు. 1888లో భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులతో, మాన్‌హైమ్ నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం బెర్తా బండిని తీసుకుపోయింది. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో బాగుచేసింది. ఆ వ్యాపారానికి అంతకు మించిన ప్రచారం ఏముంది?

మన దగ్గరా పుట్టింటి సొమ్ముతో షాపు పెడతారు; బోర్డు మీద మాత్రం ఆయన పేరే. పెట్టుబడి మనదైనప్పుడు పత్రాల్లో మన పేరూ ఉండాలని అడగడం తప్పెలా అవుతుంది?