మంచుల లొల్లి: తప్పు జవాన్లదేనా?

పొద్దుగాల లేచి రోడ్డు మీద రన్నింగ్ కొడుతున్న తమ్ముళ్లకు ఒక ముచ్చట చెప్పాలె. తుపాకి ముచ్చట గాదు, ఫోను ముచ్చట.

సియాచిన్‌ల ఒక పోస్టు మీద నేను మూడు నెలలున్న. ఫైబర్ గుడిసె, నడుమ కిరసనాయిల్ బుఖారీ, చుట్టూ మంచు. నా జోడీ ఒక రాజస్థానోడు. మొదటి నెల అన్నదమ్ముల లెక్క ఉన్నం. రెండో నెలకొచ్చేసరికి వాడు దగ్గినా నాకు కోపమొచ్చేది. ఒకనాడు శాటిలైట్ ఫోను వంతు నాది. ఇంటికాడ అమ్మకు పానం బాగలేదు. వాడు ముందుగాల్నే ఫోను పట్టుకొని బిడ్డతోని మాట్లాడిండు, బ్యాటరీ అయిపోయింది. మూడొద్దులు మా నడుమ మాటల్లేవు.

నాలుగోనాడు గస్తీ. మంచు కింద పగుళ్లు కానరావు గన్క ఒక్కటే తాడుకు కట్టుకొని నడుస్తం. వాడు కట్టిన ముడిని వాని ముందటనే ఇప్పి, నేను మళ్ల కట్టుకున్న.

మా హవల్దార్ సాబ్ సూసిండు. తిట్టలె. "నిద్రవోక ఎన్ని రాత్రులాయె?" అని ఇద్దర్నీ అడిగిండు. ఆ పొద్దు మమ్ముల గస్తీకి పంపలె.

జవాన్లు ఒకలనొకలు కాల్చుకున్నరని వార్తొస్తే "వానికి ఓపిక లేదు" అనుకొని మనం ముందుకు పోతం. 18 వేల అడుగుల మీద ఊపిరికందే ఆక్సిజన్ ఈడ దొరికే దాంట్ల సగమే. నిద్ర పట్టది, ఆకలి కాదు, చిన్న మాట గూడ పెద్దగ తాకుతది. 1984ల మన ఫౌజు ఆడికెక్కినప్పటి సంది తూటాల కంటే మంచే ఎక్కువ మందిని తిన్నది. 2003ల కాల్పులు ఆగినయి గాని చావులు ఆగలె. 2016ల సోనమ్ పోస్టు మీద మంచుగడ్డ విరిగిపడి పదిమంది పోయిన్రు. అండ్ల కర్నూలు జిల్లా పిల్లగాడు గూడ ఉన్నడు. 2012ల అవతల గయారీ కాడ పాకిస్తానోళ్లు 140 మంది పోయిన్రు. 2020ల గల్వాన్ కాడ మన సూర్యాపేట కర్నల్ సంతోష్‌బాబు అమరుడైనంక, తూర్పు లద్దాఖ్‌ల గూడ వేలమంది చలికాలమంత కొండల మీదనే ఉండవట్టిరి.

అదే ఏడు పార్లమెంటు ముందటికొచ్చిన కాగ్ రిపోర్టు, ఎత్తు జాగాలల్ల జవాన్లకు మంచు అద్దాలు, బూట్లు, తిండి సరిగ అందలేదని రాసింది. బూట్ల లోటుకైతే లెక్కున్నది. రాని లీవుకు, పట్టని నిద్రకు లెక్కేది?

2022ల అగ్నిపథ్ వచ్చినంక ఇంకో బరువు వడ్డది. నాలుగేండ్లయినంక నూటికి 25 మందికి మించి ఉంచుకోరు. అంటే తాడుకు అవతలి కొసల ఉన్నోడే నీకు పోటీ. పానం వాని చేతుల పెట్టాలె, నౌకరి కాడ వాన్ని దాటాలె. గిట్ల పెట్టి, లొల్లి వడ్డరని పిల్లగాండ్లనే తప్పువడితే ఎట్ల? లీవు టైముకియ్యాలె. పోస్టు మీద మార్పిడి ఆలస్యం కావద్దు. మనసు బాగలేదని చెప్పినోన్ని పిరికోడనొద్దు.

తమ్మీ, 1600 మీటర్లు ఉరుకుడు నేర్చుకుంటున్నవు, మంచిదే. పక్కోన్ని "నిద్రవోయినవా?" అని అడుగుడు గూడ నేర్చుకో. మా సాబ్ ఆనాడు అడగకపోతే మేమిద్దరం ఆ తాడుతోనే పోయేటోళ్లం.