శీతకాలపు పెరటితోట

మన మార్కాపురము, గిద్దలూరు, కంభము, యర్రగొండపాలెము ప్రాంతపు రైతు సంతనుండి తిరిగి వచ్చునపుడు అతని సంచిలో నేమున్నదో ఒకసారి చూడుడు. వంకాయలు, టమాటలు, క్యాబేజి, కొత్తిమీర కట్ట, ఒక్కొక్కప్పుడు మునగకాడలును! కందియు, మిరపయు, ప్రత్తియు, పొగాకును ఎకరములకొలది పండించి బస్తాలకెత్తు గృహస్థుడు చారులోనికి కొత్తిమీర కావలసి రొంటిన పెట్టిన రూపాయలు విప్పుట చూచినపుడెల్ల మాకు నవ్వును వచ్చును, మనస్తాపమును కలుగును. ఆ టమాట మదనపల్లెనుండియో, ఆ క్యాబేజి కర్ణాటకమునుండియో లారీలెక్కి వచ్చినది. మన వంటయింటికి చేరునప్పటికి వాడియుండుట దాని తప్పు కాదు.

పెరటితోటను గూర్చి వ్రాయువారు సాధారణముగా లాభనష్టముల పట్టికతో మొదలిడుదురు. మేమా త్రోవ త్రొక్కము. శీతకాలమున కూరగాయలు చవుకగా దొరకును. కొనుక్కొనినను ఇల్లు గుల్ల కాదు. ఆ మాట రైతులే మాతో అనుచుందురు, అది నిజమే. కాని మేము చెప్పదలచినది వేరొక సంగతి. నేడు మన రైతునకు ప్రతి పైరును ఒక పందెమైపోయినది. టమాట ధర 2023వ సంవత్సరము జూలైలో కిలో నూరు రూపాయలు దాటి, సెప్టెంబరునాటికి దిగిపోయిన తీరు మనమందరమును చూచితిమి. ఇక మిరప సంగతి చెప్పనేల? మిరపతోటలో నిలుచున్న రైతు కన్ను ఆకుపై నుండదు, గుంటూరు యార్డు ధరపై నుండును. బోరు ఎన్నినాళ్లు పోయునో, సంఘపు బాకీ ఏ నెలకు తీరునో యన్న చింతతోనే అతడు గట్టుపై నడచును. అమ్మనక్కరలేని పైరు, తూకమునకు పోనక్కరలేని పైరు, ఎవరికిని లెక్క చెప్పనక్కరలేని పైరు అతని కింటివెనుక నాలుగు మళ్లయినను ఉండవలెనని మా కోరిక. మొలక వచ్చినదని మాత్రమే సంతోషించు భాగ్యము రైతునకు మరల కలుగవలెను.

దీనికి మన సీమలో శీతకాలమును మించిన కాలము లేదు. వేసవిలో మన ఎండకు పెరడు పెనమగును. వానకాలమున కలుపు మనుష్యుని మించి పెరుగును. ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్యపు వానలు పడి నేల మెత్తబడి, మార్గశిరమున మంచు దిగుటతో ఆకుకూరలకును దుంపలకును సుఖమగు కాలము ప్రారంభమగును. మెంతులు చల్లిన మూడు నాలుగు దినములకే మడి పచ్చబడును. ధనియము అంత సులభముగా లొంగదు. అది చూచుటకు ఒక్కటిగా నున్నను రెండు గింజల జంట. పీటక్రింద మెల్లగా నలిపి రెండుగా చీల్చి, ఒక రాత్రి నానబెట్టి చల్లినను వారము పది దినములు మొండికేయును. ఎనిమిదవనాడు ఉదయమున మడివద్దకు పోయి, నేల నెరియ విచ్చిన చోట వంగి చూచుటలో నున్న వేడుక ఏ పుస్తకమునను లేదు. వేసవిలో వేసిన కొత్తిమీర ఆకు పట్టకముందే పూతకు వచ్చును. చలిలో వేసినది నిలుకడగా ఆకు పెంచును.

ముల్లంగి నలువది నలుబదియైదు దినములలో పీకుటకు సిద్ధమగును. ఆలస్యము చేసిన బెండగును. పాలకూరను నెల దినములకు మొదటిసారి కోసి, అటుపిమ్మట పది పదునైదు దినముల కొకసారి కోయవచ్చును. క్యారెట్టును మాత్రము మన రాతి నేలలో నేరుగా వేయరాదు. రాయి తగిలినచో దుంపకు కాళ్లు చీలి బొమ్మవలె నగును. పిల్లలకది పండుగే గాని తరుగు ఇల్లాలికి చిరాకు. జానెడు ఎత్తున మట్టి, ఇసుక, చివికిన పెంట కలిపి మడి లేపినచో తిన్నని దుంప దిగును. పందిరి చిక్కుడు సంగతి వినోదముగా నుండును. పాతరకపు పాదును ఆషాఢమున పెట్టినను, పొద్దు తగ్గువరకు ఆకులు పెంచుకొనుచు కూర్చుండి, చలికాలము దగ్గరపడినపుడే పూతకు వచ్చును. పెట్టినవాని తొందర దానికి పట్టదు. కాలీఫ్లవరు ఇందులో కష్టమైనది. దాని ప్రతి రకమునకును ఒక కాలమున్నది. ముందుగా నాటవలసిన రకమును ఆలస్యముగా నాటిన యెడల చెట్టు పెరుగకయే గుండీయంత పువ్వు వేసి ఊరకుండును. క్రొత్తవారు మొదటి సంవత్సరము దాని జోలికి పోకుండుట మేలు.

ఇక నీటి సంగతి. పెరటితోట మాట ఎత్తగానే మొదట వచ్చు ప్రశ్న యిది, న్యాయమైన ప్రశ్న. గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి విజయనగర కాలమున కట్టిన కంభము చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు ప్రపంచ వారసత్వ కట్టడముగా గుర్తించినారు. అంతటి చెరువును కన్న సీమయే, కడవలతో నీరు లెక్కించుకొను సీమయు నయినది. వెలిగొండ కాలువ పారిన తరువాత తోటల మాట చూతమన్న పలుకు 1996లో ఆ పథకమునకు పునాదిరాయి పడిన నాటినుండి మన అరుగులపై వినబడుచు వచ్చినది. పొలమునకు ఆ మాట చెల్లును. పెరటికి మాత్రము ఏ కాలువయు నక్కరలేదు.

లెక్క చూడుడు. మన ప్రాంతమున శీతకాలపు పైరునకు చదరపు మీటరునకు దినమునకు మూడు నాలుగు లీటర్ల నీరు చాలును. అర సెంటు స్థలమనగా ఇంచుమించు ఇరువది చదరపు మీటర్లు. దానికి కావలసినది అరువది మొదలు ఎనుబది లీటర్లు. అయిదుగురున్న ఇంట మనిషి కొక్క బకెట్టు చొప్పున స్నానమాడినను అంతకు తక్కువ కాని నీరు వీధిలోనికి పోయి దోమలను పెంచుచున్నది. ఆ నీటిని గులకరాయి, ఇసుక నింపిన చిన్న గుంటగుండా పోనిచ్చి మళ్లకు త్రిప్పినచో బోరు మీట నొక్కనవసరము లేదు. బట్టలుదికిన సోడా నీరు పనికిరాదు, అది నేలను బిగించును. పచ్చిగా తిను కొత్తిమీర, ముల్లంగి, క్యారెట్టులకు స్నానపు నీరు పెట్టరాదు. వానికి మంచినీరే పోసి, వంగకు, చిక్కుడునకు, టమాటకు వాడుక నీరు మొదళ్లలో పెట్టవలెను. మడిపై ఎండుటాకులో, వేరుసెనగ పొట్టో పరచిన తడి ఇంకను రెండు దినములు నిలుచును. ఉప్పునీటి బోర్లున్న ఊళ్లలో పాలకూర, బీట్రూటు తట్టుకొని నిలుచును. బీన్సు, క్యారెట్టు అలిగి కూర్చుండును.

మన పశ్చిమ ప్రకాశమున అనేక గ్రామముల బోరునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1.5 మిల్లీగ్రాముల మితిని దాటియున్నదని అందరు నెరిగినదే. దానికి మందు పెరటిలో లేదు, శుద్ధమైన త్రాగునీటిలోనే యున్నది. అయినను సున్నపు సత్తువయు, సి విటమినును గల ఆహారము తినువారికి ఆ కీడు కొంత తగ్గునని వైద్యులు చెప్పుదురు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2011లో ప్రకటించిన సూచనలలో మనిషికి దినమునకు 300 గ్రాముల కూరగాయలు, అందు 50 గ్రాములు ఆకుకూరలు ఉండవలెనన్నారు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రపు స్త్రీలలో పదునైదేండ్లు మొదలు నలుబదితొమ్మిదేండ్ల వయస్సువారు నూటికి ఇంచుమించు 59 మంది రక్తహీనులని తేలినది. అర సెంటు తోట ఇంటిల్లిపాది కూర నంతటిని ఇచ్చునని మేము చెప్పము. ఆకుకూర వంతు మాత్రము నాలుగు నెలలు తప్పక యిచ్చును. ఉదయము కోసిన తోటకూర మధ్యాహ్నము జొన్న సంగటి ప్రక్కకు వచ్చుటకును, మూడునాళ్ల కట్ట వచ్చుటకును గల భేదము నాలుక యెరుగును.

మా అభిప్రాయములలో కొందరికి రుచింపని దొకటి యున్నది. ఈ తోట ఇల్లాలిదిగా నుండవలెను. ఏది వేయవలెనో, ఎప్పుడు కోయవలెనో, ఎవరికి పంచవలెనో ఆమెయే నిర్ణయింపవలెను. పురుషుడు నేల త్రవ్వి, కంప కంచె వేసి, తొలగిపోవుట మంచిది. అతని చేతికి చిక్కినచో రెండవ సంవత్సరమే అది అర సెంటు మిరపతోటయై, సంతకెక్కును. అంతకన్న ముఖ్యముగా, పొలములో భుజాన వేసుకొను మందు పంపును పెరటి గుమ్మము దాటనీయరాదు. ప్రత్తికి కొట్టగా మిగిలిన మందును వంగచెట్లపై చిలుకరించు అలవాటు అక్కడక్కడ నున్నది. ఆ కాయను సాయంత్రము తినునది మన బిడ్డలే. చిక్కుడుపై పేనుబంక కనబడిన, మంచు ఆరకముందు జల్లించిన బూడిద చల్లవలెను. క్యాబేజి చుట్టును ఆవాలు వేసినచో రెక్కలపురుగు ముందుగా ఆవ మొక్కల కెగబడును. తప్పనిచో లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పుతో తీసిన కషాయము కొట్టవచ్చును. కోతికి మాత్రము కషాయము లేదు! నల్లమల అంచు గ్రామములవారు పండ్లు కనబడని దుంపలను, ఆకుకూరలను ఎక్కువగా వేసికొని, టమాటను వాకిటి యెదుట కన్ను పడుచోట నాటుకొనుట యుక్తము.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున ప్రభుత్వమువారు ఆహారపు పంటలు పెంచుడని ఊరూరను చాటించినారు, పెరటితోటలను గూర్చియు ఉపన్యాసములు సాగినవి. విధిగా చెప్పిన పని విధి తీరగానే ఆగుట సహజము. మేము చదివిన మిషను బడిలో బాలుని కొక మడి చొప్పున నుండెడిది. మాస్టరుగారు మార్కులు వేయుదురని కొందరు నీరు పోసిరి. ఆ మడులు సెలవులలో ఎండిపోయినవి. ముల్లంగి పీకి అక్కడనే కడిగి తినవచ్చునని నీరు పోసినవాని మడి ఎండలేదు. పిల్లల చేతికి మొదట ముల్లంగియే యిండు.

తుదకు మన సంఘములు చేయవలసిన పని యొకటి యున్నది. పది గ్రాముల టమాట విత్తనపు పొట్లములో మూడు వేలకు తక్కువ కాకుండ గింజలుండును. ఒక ఇంటికి కావలసినవి ఇరువది మొక్కలు. ఒంటరి రైతు ఆ పొట్లము కొనిన మిగిలినది అటుకపై పురుగుల పాలగును. కావున గ్రామసంఘము వంగ, టమాట, క్యాబేజి పొట్లములు ఒక్కొక్కటి కొని, మంచినీటి వసతి గల ఒక సభ్యుని దొడ్డిలో నారుమడి పోయించి, నెల దినములకు నారును ఇంటింటికి పంచవలెను. ఆకుకూరల గింజలను చిటికెలతోనే పంచవచ్చును. రకముల ఎంపికలో సందేహమున్నవారు దర్శి కృషి విజ్ఞాన కేంద్రమువారిని అడుగవచ్చును. నారు పంచునపుడు రకమును, విత్తిన తిథిని వ్రాసి యిచ్చుట మరువరాదు. కాగితము తడిసి చినుగును. మార్కాపురపు గనులవద్ద గుట్టలుగా పడియున్న పలక ముక్కలు ఇందుకు మిక్కిలి అనుకూలము. పెద్దవి మడిగట్టులకును, చిన్నవి పేర్లకును వచ్చును. బలపముతో వ్రాసినది నీరు తగిలి చెరుగును గనుక మేకుతో గీయుడు.