లావా పొరల నడుమ చేపలు

జహీరాబాద్ దగ్గరి న్యాల్‌కల్ చేలల్లో బావి తవ్వితే తగిలే నల్లరాయి ఒకప్పటి లావా. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌లో చాలా భాగం మీద పొరలు పొరలుగా పారి గట్టిపడింది. పొరకూ పొరకూ మధ్య చాలాకాలం తెరపి ఉండేది. ఆ వ్యవధిలో పల్లాల్లో నీళ్లు నిలిచి సరస్సులయ్యాయి. నత్తలు, కప్పలు, చేపలు చేరాయి. మళ్లీ లావా వచ్చి ఆ బురదను కప్పేసింది.

వికారాబాద్ దగ్గరి నస్కల్ అలాంటి చోటే. అక్కడ దొరికిన చిన్న క్షీరదం ‘డెక్కనోలెస్టెస్’ గురించి 1988లో శాస్త్రవేత్తలు ప్రసాద్, సాహ్ని రాశారు. పేరంతా దానికే వచ్చింది. మాకు మాత్రం చేపలే ముద్దు. ఆసిఫాబాద్ దగ్గరి ఇలాంటి పొరల్లోని గార్ చేప పొలుసునే చూడండి: శంకరపాళీ ఆకారం, పంటి పింగాణీలా మెరిసే గట్టి పూత. ఎన్నో చేపలు పలచని పొలుసులకు మారిపోయినా గార్ ఆ కవచాన్ని వదల్లేదు. దాని వంశం ఇప్పుడు ఉత్తర, మధ్య అమెరికాల్లో, క్యూబాలో మాత్రమే బతికి ఉంది.

ఈ సంచిక ఆ చేపలకే. జహీరాబాద్ వైపు క్వారీల్లో నల్లరాళ్ల నడుమ నత్తగుల్లలున్న లేతరంగు పొర కనబడితే పగలగొట్టకండి. ఫొటో తీసి, చోటు రాసుకుని, దగ్గరి విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్ర విభాగానికి చూపించండి.