ఎయిర్‌పోర్టు వచ్చీసింది సరే, స్విచ్చికి వైరు పెట్టేది ఎవరు?

2026 జనవరి 4న ఢిల్లీ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా విమానం భోగాపురం రన్‌వే మీద దిగింది. 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి, 2023 మే 3న ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేసిన విమానాశ్రయం ఇది. పేరు అల్లూరి సీతారామరాజుది, కట్టింది జీఎంఆర్, నేల మాత్రం మనది. సుమారు 2,200 ఎకరాలు. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట లేచిపోయి పునరావాస కాలనీలయిపోనాయి. దానికి బదులుగా ఉద్యోగాలొస్తాయన్నారు. ఏ ఉద్యోగాలేటి అని అడిగితే జవాబు కాపలా పని, ఊడుపు పని, బండి తోలే పని దగ్గరే ఆగిపోతోంది. ఆ పనులు తక్కువవని కాదు. మనోళ్లకి అవే రాసిపెట్టినట్టు మాటాడ్డం తప్పు.

మొదటి దశలోనే ఏడాదికి 60 లక్షల మంది ప్రయాణికుల కోసం కట్టిన భవనం అది. చెక్-ఇన్ కౌంటరు, సామాన్లు మోసే బెల్టు, బోర్డు మీద విమానాల టైము, సీసీ కెమెరాలు, వైఫై... ఇవన్నీ ఒకదాంతో ఒకటి మాటాడుకోవాలంటే వెనకాల గదుల్లో స్విచ్చిలు, రౌటర్లు, కిలోమీటర్ల కొద్దీ కేబులు ఉండాలి. విశాఖలో గూగుల్ డేటా సెంటరుకి 2025 అక్టోబర్ 14న ఒప్పందమయింది, ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లన్నారు. డేటా సెంటరులో పెట్టుబడికి తగ్గన్ని ఉద్యోగాలుండవు, అది తెలిసిన సంగతే. ఉన్న కొన్నిటికైనా మన గుంటలు పోటీకి నిలబడాలి కదా.

అందుకే భోగాపురం, డెంకాడ, పూసపాటిరేగ మండలాల్లో ఇంటర్, డిగ్రీ అయిన పిల్లలకి చెప్పాల్సిన మాట ఒకటుంది. నెట్‌వర్కింగ్‌లో మొదటి మెట్టుగా అందరూ అడిగేది సిస్కో వాళ్ల సీసీఎన్ఏ పరీక్ష. ఫీజు 300 డాలర్లు, పన్ను కలిపితే మన డబ్బుల్లో ముప్పై వేల దాకా పోతుంది. సర్టిఫికెట్ చెల్లేది మూడేళ్లు. ఇంత ఫీజు కట్టేవాడికి దాని పక్కనే ఇంకో ఖర్చు అంటగడతారు: "ఇంట్లో ల్యాబ్ పెట్టుకో, కిట్ మేం ఇస్తాం". భూమి పరిహారం డబ్బు ఇంట్లో ఉన్నాదని తెలిస్తే ఆ కిట్ ఇంకా పెద్దదయిపోద్ది. నా కోపమంతా అక్కడే. పొలం పోయి వచ్చిన డబ్బు పాత ఇనుముకి పోకూడదు.

ముందు ఒక సంగతి. పరీక్ష పాసవడానికి ఇనప పెట్టె కొనాలన్న రూలు ఎక్కడా లేదు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో ఖాతా తెరిస్తే ప్యాకెట్ ట్రేసర్ ఉచితం. వీలాన్, ట్రంకు, ఓఎస్పీఎఫ్, నాట్, యాక్సెస్ లిస్టు, సిలబస్‌లో దాదాపు అన్నీ అందులోనే సాధన చేయొచ్చు. సిస్కో మోడలింగ్ ల్యాబ్స్ కూడా ఐదు పరికరాల వరకు ఉచితంగా ఇస్తన్నారు. జీఎన్ఎస్3 కూడా ఉచితమే, కాకపోతే రౌటర్ సాఫ్ట్‌వేర్ మనం తెచ్చుకోవాలి.

కాబట్టి మొదటి రూపాయి పెట్టాల్సింది రౌటరు మీద కాదు, పాత కంప్యూటరు మీద. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 ఎక్కని పాత ఆఫీసు డెస్క్‌టాపులు మార్కెట్లోకి వస్తన్నాయి. వాళ్లకి పనికిరానివి మనకి శుభ్రంగా పనికొస్తాయి. ఐ5 ప్రాసెసరు, 16 జీబీ ర్యామ్, ఒక ఎస్ఎస్‌డీ ఉంటే చాలు, లైనక్స్ వేసుకుంటే హాయిగా నడుస్తుంది. కొనే ముందు బయోస్‌లోకెళ్లి వర్చువలైజేషన్ ఉందో లేదో చూడండి. అది లేకపోతే ల్యాబు నడవదు.

మరి నిజమైన పెట్టె అస్సలొద్దా అంటే, ఒకందుకు కావాలి. ప్యాకెట్ ట్రేసర్‌లో వైరు తెగదు, కరెంటు పోదు, పాస్‌వర్డు మరిచిపోయి పారిపోయిన మనిషి ఉండడు. ఎయిర్‌పోర్టు సర్వర్ రూములో ఇవన్నీ ఉంటాయి. చేతికి అలవాటవడానికి రెండు స్విచ్చిలు, ఒక రౌటరు సరిపోతాయి. ఆ మూడిటికీ కలిపి పరీక్ష ఫీజులో మూడో వంతు దాటి పెట్టొద్దనేది నా లెక్క.

స్విచ్చి అంటే క్యాటలిస్ట్ 2960 చూడండి. 2950 చవగ్గా వస్తుంది, కానీ చాలావాటిలో ఎస్ఎస్‌హెచ్ ఉండదు, పరీక్షలో అది ఉన్నాది. ఎనిమిది పోర్టుల 2960కి ఫ్యాను ఉండదు, రాత్రి ఇంట్లో వాళ్లు పడుకుంటారు. రౌటరయితే 1941 గానీ 2901 గానీ. 1841, 2811 ఇంకా పాతవి, వాటి సాఫ్ట్‌వేర్ 15.1 దగ్గర ఆగిపోనాది. పైగా 2811 ఫ్యాను వేస్తే పిండిమర పక్కన కూర్చున్నట్టే. వీటన్నిటికీ కంపెనీ మద్దతు ఎప్పుడో అయిపోయింది, కొత్త అప్‌డేట్లు రావు, పాత పెట్టెతో పాటు సాఫ్ట్‌వేర్ లైసెన్సు కూడా మామూలుగా చేతులు మారదు. చదువుకి పరవాలేదు. ఊళ్లో ఎవరి ఆఫీసుకో పెట్టీకండి.

అమ్మేవాడు సీరియల్ కార్డులు, లావుపాటి నీలం కేబుళ్లు కలిపి "పూర్తి సీసీఎన్ఏ కిట్" అంటే దండం పెట్టి వచ్చీయండి. ఫ్రేమ్ రిలే పాఠం ఎప్పుడో పోనాది, 2020 ఫిబ్రవరిలో సిలబస్ మారినప్పుడు ఈఐజీఆర్పీ కూడా పోనాది. లేని పాఠానికి వైరు అమ్ముతన్నారన్నమాట.

కొట్లో ఆన్ చేయకుండా ఏదీ కొనొద్దు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటరయినా, విశాఖలో గల్లీ కొట్టయినా ఇదే మాట. ల్యాప్‌టాపు, కన్సోల్ కేబులు, యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే ముక్క మీరే పట్టుకెళ్లండి. పుట్టీ తెరిచి 9600 వేగం పెట్టండి. పెట్టె పూర్తిగా లేచి ప్రాంప్టు ఇవ్వాలి. రౌటరు "రోమ్‌మాన్" దగ్గర ఆగిపోతే ఫ్లాష్‌లో సాఫ్ట్‌వేర్ లేకపోవచ్చు, బేరం అక్కడే ఆపీయండి. "షో వెర్షన్" కొట్టి మోడలూ సీరియల్ నంబరూ పెట్టె కింద స్టిక్కరుతో సరిపోల్చండి. నకిలీలున్నాయి. 2020లో ఎఫ్-సెక్యూర్ అనే సంస్థ నకిలీ 2960-ఎక్స్ స్విచ్చిల్ని విప్పి చూపించింది, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసేసరికి అవి పని ఆపేసి దొరికిపోయాయి. ప్రతి పోర్టులోనూ కేబులు గుచ్చి లైటు వెలుగుతుందో లేదో చూడండి. లోపల రాగి పిన్నులు పచ్చబడుంటే ఒగ్గేయండి, మన సముద్రం గాలికి అవి ఇంకా తొందరగా పోతాయి. ఇంటికి తెచ్చాక ఎర్తింగు లేని ప్లగ్గులో పెట్టొద్దు, పిడుగులప్పుడు తీసీయండి. పాత ఆఫీసు సెట్టింగులు లోపల అలాగే ఉంటాయి ఒక్కోసారి. వాటిని చూసి గొప్పలకి ఫోటోలు పెట్టకుండా చెరిపేయండి, అది ఇంకొకరి తాళం.

అన్నిటికంటే చవకైన పనిముట్టు క్రింపింగ్ టూలు. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఈ వరస కళ్లు మూసుకుని కట్టగలిగిన గుంటడు సర్టిఫికెట్ రాకముందే కేబులు పనిలో దినకూలి సంపాదించుకుంటాడు.

ఇప్పుడు పాలకుల సంగతి. ఒక్కో ఇల్లూ అప్పు చేసి రెండు స్విచ్చిలు కొనుక్కోవాల్సిన ఖర్మేటి? కాలేజీలు, బ్యాంకులు, సర్కారీ ఆఫీసులు కొత్తవి పెట్టినప్పుడల్లా పాతవి తుక్కు కింద పోతన్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల్లో రీసైక్లర్లతో పాటు, పాతవి బాగుచేసి మళ్లీ వాడుకలోకి తెచ్చేవాళ్లకీ చోటుంది. జిల్లా యంత్రాంగం తలుచుకుంటే ఆ దారిన మండల గ్రంథాలయంలో ఒక రాకు, నాలుగు స్విచ్చిలు, రెండు రౌటర్లు, పది పాత కంప్యూటర్లు పెట్టడం పెద్ద పని కాదు. నిర్వాసిత కుటుంబాల పిల్లలకి పరీక్ష ఫీజు సర్కారే కట్టాలి. విమానాశ్రయం నడిపేవాళ్లు నెట్‌వర్కు, కేబులు, కెమెరా పనుల్లో ఎన్ని పోస్టులున్నాయో, ఏ కాంట్రాక్టరు కింద ఉన్నాయో, ఏ చదువు అడుగుతున్నారో తెలుగులో రాసి గుడెపువలస, సవరవిల్లి సచివాలయాల గోడకి అంటించాలి. గ్రామసభలో ఈ మూడూ తీర్మానం రాయించండి, రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ఊరి స్థాయి ఆఫీసుల్లో దానికి అర్జీ ఫీజు లేదు.