ఆడే చోటు ఎవరిదో, బాధ్యత వారిదే

మన భాషలో 'ఏడిపించడం' అన్న మాటకు చాలాకాలంగా ఒక వెసులుబాటు ఉంది. బస్టాపులో అమ్మాయి దారికి అడ్డం నిలబడినా, కాలేజీలో కొత్తగా చేరినవాళ్ళను గదిలో పెట్టి అవమానించినా 'సరదాకి ఏడిపించారు' అని తేల్చేస్తారు. ఆ సరదా వెనుక ఉన్న హింసను హింసగా గుర్తింపజేయడానికి స్త్రీల ఉద్యమానికి ఏళ్ళు పట్టింది. ఇప్పుడు అదే పని, అదే సాకుతో, కంప్యూటర్ల మీదా సెల్‌ఫోన్ల మీదా పదిమంది కలిసి ఆడే ఆటల్లో జరుగుతోంది. ఇంగ్లీషువాళ్ళు దీన్ని 'గ్రీఫింగ్' అంటున్నారు. గెలుపు కోసం కాక, ఎదుటి మనిషిని బాధపెట్టడం కోసమే ఆడటమన్నమాట. మన 'ఏడిపించడం' దానికి సరిగ్గా సరిపోతుంది.

ఇన్ని సమస్యల మధ్య ఈ ఆటల గొడవ మనకెందుకని మన సంఘాల్లోనే కొందరు అడుగుతున్నారు. వయసొచ్చిన ఆడపిల్ల వీధిలో ఆడకూడదన్న కట్టుబాటు మనందరికీ తెలిసిందే. అలా మైదానాలన్నీ మగపిల్లలవయ్యాయి. గడప దాటకుండానే పదిమందితో కలిసి ఆడే వీలు చాలామంది ఆడపిల్లలకు ఫోను వచ్చాకే దొరికింది. ఐక్యరాజ్య సమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం ఆటను హక్కుగా గుర్తించింది. 1992లో భారతదేశం కూడా ఆ ఒడంబడికలో చేరింది. ఈ ఆటల్లోని తుపాకుల మీదా, అవి తినేసే సమయం మీదా మనకు అభ్యంతరాలు ఉండవచ్చు, నాకూ ఉన్నాయి. ఆ చర్చ జరగాల్సిందే. కానీ ఆడపిల్లను ఆట నుంచి తరిమేసే హక్కు ఏడిపించేవాడికి ఉందా అన్న ప్రశ్నను ఆ చర్చ పేరుతో పక్కన పెట్టలేం.

అమ్మాయిల హాస్టళ్ళలో హక్కుల గురించి మాట్లాడటానికి వెళ్ళినప్పుడు ఈ విషయం కదిపితే నాకు తరచుగా వినిపించే మాట ఒకటుంది: "మైక్ ఆపేసుకుని ఆడతాం మేడమ్." మరికొందరు మగపేరు పెట్టుకుని ఆడతామంటారు. నలుగురు ఒక జట్టుగా దిగే ఆటల్లో ఒకరి మాట ఒకరు వింటూ ఆడితేనే నిలబడగలరు. అమ్మాయి గొంతు వినపడగానే బూతులు మొదలవుతాయి. తన జట్టువాళ్ళే ఆమె దెబ్బతిని కింద పడితే లేపరు, దారికి అడ్డం నిలబడతారు, కావాలని ఆట ఓడగొట్టి నింద ఆమె మీద వేస్తారు. ఆట అయిపోయాక కూడా వెంటపడి సందేశాలు పంపుతారు. గొంతు దాచుకుంటే ఆట సగమే మిగులుతుంది. గొంతు విప్పితే ఇదీ వరస.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. ఆటలో ఓడించడం ఏడిపించడం కాదు. నిబంధనల ప్రకారం ఎదుటివాళ్ళ కోటను కూల్చినా, పదిసార్లు ఓడించినా అది ఆటే. ఒక మనిషిని ఎంచుకుని, ఆట గమ్యాన్ని వదిలేసి, ఆమె అక్కడ ఉండలేని పరిస్థితి కల్పించడమే వేధింపు. ఈ తేడా చెప్పకపోతే 'ఓడిపోయి ఏడుస్తున్నారు' అని నోరు మూయించడం సులువవుతుంది.

ఇది ఈనాడు పుట్టిన జబ్బు కూడా కాదు. కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో పావెల్ కర్టిస్ అనే ఆయన 'లాంబ్డామూ' అనే ఊహాలోకాన్ని కంప్యూటరు మీద నిర్మించాడు. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. వేర్వేరు ఊళ్ళలో ఉన్నవాళ్ళు పాత్రలుగా అందులో ప్రవేశించి మాటలు టైపు చేస్తూ గడిపేవారు. 1993 మార్చిలో 'మిస్టర్ బంగిల్' అన్న మారుపేరుతో వచ్చిన ఒక పాత్ర, ఇతరుల పాత్రలు చేయని పనులను చేసినట్టు తెర మీద చూపించే ఒక చిన్న ప్రోగ్రాముతో, అందరూ కూర్చునే గదిలో కొందరి పాత్రలపై లైంగిక హింస జరిపాడు. బాధితుల్లో ఒకామె మర్నాడు అక్కడే తన నిరసన రాసింది. రాస్తుంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయని తర్వాత విలేకరి జూలియన్ డిబెల్‌కు చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో ఆయన విలేజ్ వాయిస్ పత్రికలో రాసిన వ్యాసంతో ఈ సంగతి లోకానికి తెలిసింది.

మనకు ముఖ్యమైనది ఆ తర్వాత జరిగిన కథ. అక్కడి నిర్వాహకులు అంతకు కొన్ని నెలల ముందే, ఇకపై తాము యంత్రం పని మాత్రమే చూస్తామనీ, మనుషుల తగాదాలతో తమకు సంబంధం లేదనీ ప్రకటించి ఉన్నారు. అందుచేత ఫిర్యాదు వినేవాళ్ళూ లేరు, తీర్పు చెప్పే పద్ధతీ లేదు. సభ్యులు సమావేశమై గంటల తరబడి వాదించుకున్నా ఏ నిర్ణయానికీ రాలేకపోయారు. చివరకు నిర్వాహకుల్లో ఒకరు తనంతట తాను ఆ పాత్రను తొలగించారు. దాంతో కర్టిస్ వినతిపత్రాలు, ఓటింగు పద్ధతి ప్రవేశపెట్టాల్సి వచ్చింది. 1996లో నిర్వాహకులు తమ పాత ప్రకటననే వెనక్కి తీసుకున్నారు. యంత్రం నడిపేవారు చేసే ప్రతి పనీ మనుషుల మధ్య ఎవరో ఒకరి పక్షాన పడుతుందని వాళ్ళకు అనుభవం మీద తెలిసివచ్చింది. చోటు నడిపేవాడు తటస్థంగా ఉన్నానంటే, బలం ఉన్నవాడి పక్కన ఉన్నట్టే.

ఇక ఏడిపించబడ్డవాళ్ళకు లోకం ఇచ్చే సలహా ఏమిటి? పట్టించుకోకు, వాడి గొంతు ఆపేసుకో, లేదా ఆట మానేయి. తల వంచుకుని నడువు, ఆ దారిన వెళ్ళకు, చదువు మానేయి అని మన అమ్మలకు చెప్పిన సలహా ఇదే. వేధించినవాడు ఆడుతూనే ఉంటాడు. మారాల్సినదీ, తప్పుకోవాల్సినదీ ఆమే.

2016లో అమెరికాలో ఒక స్త్రీ, కళ్ళకు తొడుక్కునే యంత్రంతో ఆడే 'క్వివర్' అనే విలువిద్య ఆటలో దిగింది. అందులో అందరి రూపాలూ ఒక్కలాగే ఉంటాయి. ఆమె స్త్రీ అని గొంతును బట్టే తెలిసింది. మరుక్షణం మరో ఆటగాడు ఆమె రూపాన్ని తడమటం మొదలుపెట్టాడు, వద్దంటున్నా వెంటపడ్డాడు. ఆమె ఆట వదిలి వెళ్ళిపోయి తన అనుభవం రాసింది. ఆట తయారుచేసిన ఇద్దరూ అది చదివి, నెపం ఆమె మీదకు నెట్టలేదు. ఎదుటివాడి చేతులు మన కళ్ళకు అడ్డం వస్తే మాయమయ్యే ఏర్పాటు వాళ్ళు ముందే చేశారు. ముఖం గురించి ఆలోచించినవాళ్ళకు శరీరం గురించి ఆలోచన రాలేదు. ఆ రక్షణను శరీరమంతటికీ విస్తరించారు. ఒక సైగతో వేధించేవాడిని కనుమరుగు చేసే వీలూ కల్పించారు.

దీనికి భిన్నంగా, 2021 చివర్లో మెటా కంపెనీ వారి 'హొరైజన్ వరల్డ్స్'లో ఇలాంటి ఫిర్యాదే వచ్చినప్పుడు, ఆమె అక్కడున్న రక్షణ సాధనాన్ని వాడుకోవాల్సిందని కంపెనీ అంతర్గత పరిశీలన తేల్చింది. విమర్శలు వచ్చాక 2022 ఫిబ్రవరిలో, రూపాల మధ్య సుమారు నాలుగడుగుల దూరం ముందుగానే అమల్లో ఉండే ఏర్పాటు తెచ్చారు. రెండు నెలల్లో చేయగలిగిన పని మొదటి రోజునే ఎందుకు చేయలేదని మనం అడగాలి.

అసలు పేర్లు బయటపెట్టిస్తే అల్లరి తగ్గుతుందని కొందరు అంటారు. 2010 జూలైలో బ్లిజార్డ్ కంపెనీ తన ఆటగాళ్ళ చర్చల్లో సొంత పేర్లు తప్పనిసరి చేస్తామని ప్రకటించింది. ఇందులో ప్రమాదం లేదని చూపించడానికి ఒక ఉద్యోగి తన పేరు చెప్పగానే, కొందరు అతని సొంత వివరాలన్నీ తవ్వి బయట పెట్టారు. నిరసన పెరిగి మూడు రోజుల్లో కంపెనీ వెనక్కి తగ్గింది. పేరు దాచుకోవడం ఏడిపించేవాడికి ముసుగు కావచ్చు, కానీ స్త్రీకి అది చాలాసార్లు తలుపు గడియ. ఆ గడియ తీయమనే పరిష్కారాన్ని మనం ఒప్పుకోకూడదు.

చోటు నడిపేవాడిదే బాధ్యత అన్న సూత్రం మనకు కొత్తది కాదు. 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు, పనిచోట లైంగిక వేధింపులను అరికట్టే బాధ్యత యజమానిదని చెప్పింది. 2013లో అది చట్టమయింది. అదే 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన ర్యాగింగ్ నిషేధ చట్టం, ఫిర్యాదు వచ్చినా చర్య తీసుకోని విద్యాసంస్థ అధిపతిని నేరానికి తోడ్పడినట్టే పరిగణిస్తుంది. ఈ రెండింటి కోసం గొంతెత్తినవాళ్ళు మన పాఠకుల్లో ఉన్నారు. ఆట కంపెనీలకు ఈ సూత్రం ఎందుకు వర్తించకూడదు? 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల మీద చట్టం చేసి, డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది. ఆ చర్చంతా ప్రధానంగా డబ్బు నష్టం చుట్టూనే తిరిగింది. ఆటలో అమ్మాయికి జరిగే నష్టం ఆ లెక్కలోకి రాలేదు.

మనం అడగాల్సినవి పెద్ద కోరికలేమీ కావు. రక్షణ ఏర్పాట్లు ముందే అమల్లో ఉండాలి, వద్దనుకున్నవాళ్ళు తీసేసుకుంటారు. ఫిర్యాదు చేసిన మనిషికి ఏం చర్య తీసుకున్నారో చెప్పాలి. ఎవరు ఎప్పుడు ఏమన్నారో కంపెనీ యంత్రాల్లోనే నమోదయ్యే చోట, సాక్ష్యం తెమ్మని ఆమెను అడగకూడదు. ఫిర్యాదు తెలుగులో చేసుకునే వీలుండాలి, ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసిన తెలుగు బూతులు అర్థమయ్యే మనుషులు వాటిని చూడాలి. అంతే ముఖ్యంగా, ఆరోపణ ఎదుర్కొన్నవారికి కారణం తెలియాలి, తిరిగి విచారణ కోరే అవకాశం ఉండాలి. గుంపులుగా చేరి అబద్ధపు ఫిర్యాదులతో అమ్మాయిల ఖాతాలనే మూయించగల చోట న్యాయమైన విచారణ మనకూ రక్షణే. లాంబ్డామూలో ఒక్కరి నిర్ణయం మీద తగాదా తెగిన తీరు మనం కోరుకునే తీరు కాదు.

తీవ్రమైన వేధింపులకు 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 75, 78, 79 సెక్షన్లు ఉన్నాయి. కానీ పోలీసు స్టేషన్ దాకా రాకముందే చాలా ఫిర్యాదులు ఇంట్లోనే ఆగిపోతాయి. చెబితే ముందుగా లాక్కునేది ఫోనునే అని ఆడపిల్లలకు తెలుసు. ఆ ఫోనులోనే ఆమె పాఠాలు, స్నేహితులు, ఉద్యోగ సమాచారం ఉంటాయి. కాబట్టి తల్లిదండ్రులతో మనం జరిపే సమావేశాల్లో మొదట చెప్పాల్సిన మాట ఇది: తప్పు చేసినవాడు ఎక్కడో ఉంటే శిక్ష మీ పిల్లకు వేయకండి. బడుల్లో, హాస్టళ్ళలో మనం పంచే కరపత్రాల్లో బస్సు, వీధి, పనిచోటు పక్కన ఆటను కూడా చేర్చుదాం. మగపిల్లలతోనూ మాట్లాడదాం, ఎందుకంటే జట్టులో నలుగురుంటే ఏడిపించేది ఒకడే అయినా, ఊరుకునేది మిగిలిన ఇద్దరు. వాళ్ళలో ఒక్కడు 'ఆపరా' అన్నా ఆ అమ్మాయి మైకు ఆపుకోవాల్సిన పని ఉండదు.