వాన కోసం సర్కారు మొక్కు

ప్రభుత్వం ఒక తేదీ ఖరారు చేసి, ఆ రోజు ప్రజలంతా ఉపవాసం ఉండి ప్రార్థన చేయాలని చాటించే ఆచారం చాలా పాతది. బైబిలులోని యోనా గ్రంథంలో నీనెవె రాజు గోనెపట్ట కట్టుకుని బూడిదలో కూర్చుంటాడు. మనుషులే కాదు, పశువులు కూడా మేత ముట్టకూడదని, నీళ్లు తాగకూడదని ఆజ్ఞ ఇస్తాడు. వాన కోసం చేసే ఇస్తిస్ఖా నమాజుకు ముందు పాలకుడు జనాన్ని మూడు రోజులు ఉపవాసం ఉండమనాలని, దానాలు చేయమనాలని, ఎవరికి అన్యాయం చేశారో వారికి చెల్లు పెట్టమనాలని ఇస్లామీ ధర్మశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. అంగదేశంలో వానలు కురవకపోవడానికి రోమపాద మహారాజు తప్పిదమే కారణమని మన ఋశ్యశృంగుడి కథ. ఈ మూడు చోట్లా ఒకే నియమం కనిపిస్తుంది. ఆపదొస్తే జనంతో పాటు ఏలినవాడూ తలవంచాలి.

ఈ ఆచారాన్ని పకడ్బందీ ప్రభుత్వ తంతుగా మార్చింది బ్రిటన్. 1832లో కలరా వచ్చినప్పుడు, 1847లో ఐర్లండ్ కరువు నాడు అక్కడ జాతీయ ఉపవాస దినాలు పాటించారు. 1857 అక్టోబరు 7న పాటించిన దినానికి కారణం భారతదేశమే. సిపాయిల తిరుగుబాటు చల్లారాలని విక్టోరియా రాణి పేరిట ప్రకటన వెలువడింది. ఆ రోజు లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో మతబోధకుడు స్పర్జన్ ప్రసంగం వినడానికి ఇరవై మూడు వేలకు పైగా జనం వచ్చారు. ఆ ఏడాది జూలై 17న హైదరాబాద్ కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేసిన తుర్రెబాజ్ ఖాన్ మనుషులు కూడా, ఆ లెక్కన, ఆ ప్రార్థనల్లో పేరు చెప్పని పాపుల జాబితాలో ఉన్నట్టే. అయితే అంతకు నాలుగేళ్ల ముందే ఈ ఆచారానికి గట్టి దెబ్బ తగిలింది. 1853లో మళ్లీ కలరా భయం పుట్టినప్పుడు ఎడిన్‌బరో మతపెద్దలు ఉపవాస దినం ప్రకటిస్తారా అని అడిగితే, హోంమంత్రి పామర్‌స్టన్ ఒప్పుకోలేదు. ముందు పేదల వాడల్లో మురికి తొలగించండి, అది చేయకుండా ఎన్ని ప్రార్థనలు చేసినా రోగం ఆగదని బదులిచ్చాడు. ఆధునిక రాజ్యం దేవుడికి మొక్కే ముందు తన పని తాను చూసుకోవాలన్న వాదన అంత స్పష్టంగా ఒక మంత్రి నోట రావడం అరుదు.

అమెరికాలో వివాదం మరో దారి పట్టింది. అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ 1798లోనూ 1799లోనూ ఉపవాస దినాలు ప్రకటించాడు. ఆయన తర్వాత వచ్చిన జెఫర్సన్ ఆ అధికారం అధ్యక్షుడికి లేదని ఒక్కటీ ప్రకటించలేదు. ఆ తర్వాతి అధ్యక్షుడు మాడిసన్ 1812 యుద్ధకాలంలో ప్రకటించాడు కానీ, అలా చేయకుండా ఉండాల్సిందన్న అభిప్రాయాన్ని తర్వాత రాసిపెట్టాడు. అంతర్యుద్ధంలో లింకన్ 1863 ఏప్రిల్ 30ని జాతి తన పాపాలు ఒప్పుకునే దినంగా నిర్ణయించాడు. ఇంత దూరం వచ్చాక కూడా ఆ అలవాటు పూర్తిగా పోలేదు. 2007లో జార్జియా గవర్నర్ సానీ పెర్డ్యూ రాష్ట్ర శాసనసభ మెట్ల మీదే వాన కోసం ప్రార్థన పెట్టించాడు.

తెలుగు నేలలో ప్రభుత్వం పేరిట ఉపవాస దినాలు పాటించే ఆనవాయితీ కనిపించదు. ఇక్కడ వాన మొక్కు ఊరిది. ఆడవాళ్లూ పిల్లలూ రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి ఇంటింటికీ తిరిగే కప్పతల్లి ఆట, శివలింగాన్ని నీళ్లలో ముంచే జలదిగ్బంధం, పోచమ్మకు బోనం. ఇవేవీ జీవోతో జరిగేవి కావు. పాలకులు ఎప్పుడైనా దిగివస్తే దాన్ని జనం తరాల తరబడి చెప్పుకున్నారు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాద్‌లో వేలమంది చనిపోయినప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నది ఒడ్డుకు వచ్చి చీర, ముత్యాలు సమర్పించి పూజ చేశాడని చెబుతారు. ఆ పూజతో కథ ముగియలేదన్నది గుర్తుంచుకోవాల్సిన సంగతి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఏడో నిజాం కాలంలో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ లేచాయి.

ఇప్పటి ప్రభుత్వాల మొక్కు దేవాదాయ శాఖ మీదుగా నడుస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో 1987 నాటి దేవాదాయ, ధర్మాదాయ చట్టం వల్ల వేలాది ఆలయాల ఆజమాయిషీ ప్రభుత్వం చేతిలో ఉంది కాబట్టి, వరుణయాగం చేయించాలంటే ప్రజలకు విజ్ఞప్తి చేయనక్కర్లేదు, ఆలయాలకు సర్క్యులర్ పంపితే చాలు. పక్కనున్న కర్ణాటకలోనూ అంతే, 2019 వేసవిలో అక్కడి దేవాదాయ శాఖ అయిన ముజరాయి శాఖ తన ఆలయాల్లో పర్జన్య హోమం చేయాలని ఆదేశించింది. అదే ఏడాది మే నెలలో తిరుమలలో, మళ్లీ 2023 ఆగస్టులో శ్రీనివాసమంగాపురంలో తిరుమల తిరుపతి దేవస్థానం కారీరిష్టి యాగం, వరుణజపం చేయించింది. ఈ పద్ధతిలో సౌకర్యం చాలా ఉంది. ఋత్విక్కులు నియమాల్లో ఉంటారు, మంత్రులు పూర్ణాహుతికి వస్తారు, జనం టీవీలో చూస్తారు. జనంలో ఎవరూ పూట మానరు, ఎవరి తప్పూ బయటికి రాదు. నీనెవె రాజు బూడిదలో కూర్చోవడానికీ దీనికీ మధ్య పోయింది సరిగ్గా ఆ కష్టమే.

చట్టం మాటకొస్తే, ఒక మతాన్ని పెంచడానికి ప్రత్యేకించిన పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 27వ అధికరణం. ఆలయ రాబడి పన్ను కాదు కాబట్టి ఆ డబ్బుతో చేసే యాగాలు ఈ అడ్డు దాటుకుంటాయి. 2015 డిసెంబరు 23 నుంచి 27 వరకు ఎర్రవల్లిలో జరిగిన అయుత చండీయాగాన్ని అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ తన సొంత కార్యక్రమంగానే చెప్పుకున్నారు. అయినా ముఖ్యమంత్రే యజమానిగా కూర్చున్న యాగాన్ని రాష్ట్రం యాగం కాదని జనం అనుకోవాలంటే కష్టం.

దేశంలో ప్రభుత్వాధినేత అడిగిన ఉపవాసం అంటే చెప్పుకోవాల్సింది 1965 నాటిది, అందులో దేవుడి ప్రస్తావన లేదు. పాకిస్తాన్‌తో యుద్ధం, తిండిగింజల కొరత కలిసి వచ్చిన వేళ లాల్ బహదూర్ శాస్త్రి వారానికి ఒక పూట భోజనం మానాలని కోరారు. సోమవారం సాయంత్రం చాలా హోటళ్లు మూతపడ్డాయి. 1964-65లో సుమారు 8.9 కోట్ల టన్నులున్న తిండిగింజల దిగుబడి మరుసటి ఏడాది 7.2 కోట్లకు పడిపోయింది. ఆ లోటును ఒక పూట పస్తు పూడ్చలేదు. కానీ లోటు ఉందని సర్కారు దాచకుండా ఒప్పుకుంది, ముందు తన ఇంట్లోనే పస్తు మొదలుపెట్టారన్న పేరు శాస్త్రికి మిగిలింది.

మొక్కుకూ సర్కారు చేయాల్సిన పనికీ ఉన్న ఈ తేడా తెలంగాణలో నిజాంసాగర్ ఆయకట్టు కింది బాన్సువాడ లాంటి చోట బాగా కనిపిస్తుంది. ఇక్కడి వాన మొక్కు ఆకాశానికి ఎంతో, నిజాంసాగర్‌కూ అంతే. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన ఈ ప్రాజెక్టును చీఫ్ ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ 2,75,000 ఎకరాల ఆయకట్టు కోసం రూపొందించారు. దాని నీటిని నమ్ముకుని కోస్తా నుంచి రైతులు వలస వచ్చి వర్ని, బాన్సువాడ చుట్టుపక్కల క్యాంపులు కట్టుకున్నారు. మొదట 29.7 టీఎంసీలు పట్టిన జలాశయంలో పూడిక చేరి ఇప్పుడు 17.8 టీఎంసీలే నిలుస్తాయి. ఎగువన హైదరాబాద్ దాహం తీర్చే సింగూరు వచ్చాక కింది ప్రవాహం ఇంకా తగ్గింది. 2015 వానాకాలం ఎండిపోయింది. ఆ నవంబరులో ప్రభుత్వం ప్రకటించిన 231 కరువు మండలాల్లో అప్పటి నిజామాబాద్ జిల్లాలోని 36 మండలాలూ ఉన్నాయి, అంటే జిల్లా మొత్తం. నెల తర్వాత ఎర్రవల్లిలో చండీయాగం.

2016 సెప్టెంబరు వానలకు సింగూరు, నిజాంసాగర్ రెండూ నిండాయి. ఆ నీళ్లను యాగం ఖాతాలో వేయాలనుకునేవారికి తొమ్మిది నెలల ఎడం కొంచెం ఇబ్బందే. పూడిక మాత్రం అక్కడే ఉంది. సింగూరు నుంచి కిందికి ఎంత వదలాలన్నది ఇప్పటికీ ఏటా బేరమే. ఆయకట్టు చివరి రైతు ఎదురుచూసే తేదీ పూర్ణాహుతిది కాదు, ఏ పొలాలకు నీళ్లివ్వాలో తేల్చే తైబందీని అధికారులు ఖరారు చేసి కాలువ తూము తెరిచే రోజు. ఆ తేదీని నిర్ణయించేదీ సర్కారే, అది తప్పితే ఎవరిని అడగాలో బాన్సువాడలో అందరికీ తెలుసు.