రాయి తగల్లేదు, సంతకం పెట్టను

పోస్టు పొడుగ్గా ఉంది. కొత్త బండి కొన్నవాళ్ళు, కొనాలనుకుంటున్నవాళ్ళు ఓపిక చేసుకొని చివరిదాకా చదవండి. బండి ఊసే లేనివాళ్ళు కూడా చదవండి. విత్తనాలు కొనని రైతు అయితే లేడు కదా, ఇది మీకూ పనికొస్తుంది.

శనగలు అమ్మిన డబ్బు కొంత, ఇంట్లో ఆడవాళ్ళు చీటీ పాడింది కొంత, మిగతాది బ్యాంకు లోను. అన్నీ కలిపి తొమ్మిది లక్షల చిల్లర పెట్టి ప్రొద్దుటూరులో కారు తీసుకున్నాం. నిమ్మకాయలు తొక్కించి, టెంకాయ కొట్టి జమ్మలమడుగుకు తోలుకొచ్చినాం. ఇరవై మూడో రోజు పొద్దున్నే పులివెందులలో మా బావమరిది చీనీ తోట కాడికి పోదామని కవరు తీసి చూస్తే, ముందరి అద్దం మీద జానెడు గీత. కింద అంచులో వైపరు కాడ మొదలై పైకి పాకింది. రాత్రి బండి పెట్టినప్పుడు అది లేదు. దగ్గరికి పోయి వేలితో తడిమి చూసినా. రాయి తగిలిన గుంట లేదు, చుక్క లేదు. పనికి పోక తప్పదు కాబట్టి ముద్దనూరు మీద పోయి వచ్చినాం. ఇంటికి చేరేసరికి ఎండకు అది మూరెడైంది.

మరుసటి రోజు షోరూంకు పోయినా. అక్కడి పిల్లోడు అద్దాన్ని నిమిషం కూడా చూడలేదు. "రాయి తగిలింది సార్. అద్దం వారంటీలో రాదు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ వేస్తాం, ఇక్కడ సంతకం పెట్టండి, మూడు రోజుల్లో కొత్త అద్దం" అన్నాడు. ఫారం తీసుకొని చదివినా. "ఎదురుగా వచ్చిన టిప్పరు నుంచి రాయి ఎగిరి తగిలినది" అని ముందే రాసి పెట్టినారు. ఏ టిప్పరు? ఏ రోడ్డు? ఏ రోజు? నేను నోరు తెరవకముందే నా పేరు మీద కథ తయారు!

"రాయి తగల్లేదు నాయనా, సంతకం పెట్టను" అన్నా. అప్పటి నుంచి నేను మొండోడినయిపోయినా.

మనవాళ్ళే చెప్పినారు, "పోనీలే అన్నా, ఇచ్చేది ఇన్సూరెన్సోడే కదా, నీకేం పోయింది" అని. ఏం పోతుందో చెప్తా వినండి.

ఒకటి. జరగని ప్రమాదం జరిగిందని రాసి సంతకం పెడితే అది అబద్ధపు క్లెయిమ్. రేపు సర్వేయరు పట్టుకుంటే షోరూం పిల్లోడు రాడు, సంతకం ఎవరిదో వాడే సమాధానం చెప్పాల.

రెండు. మొదటి ఏడాది క్లెయిమ్ లేకుంటే రెన్యువల్‌లో మన బండి డ్యామేజీ ప్రీమియం మీద 20 శాతం నో క్లెయిమ్ బోనస్ వస్తుంది. ఐదేండ్లు క్లెయిమ్ లేకుంటే అది 50 శాతం దాకా పోతుంది. దాన్ని కాపాడే యాడ్ ఆన్ కట్టకపోయుంటే ఒక్క సంతకంతో బోనస్ సున్నా. పైగా 1500 సీసీ లోపు కారుకు క్లెయిమ్‌లో వెయ్యి రూపాయలు మన జేబు నుంచే పోతుంది.

మూడోదే అన్నిటికంటే పెద్దది. ఆ కాగితం మీద కంపెనీ తప్పు కాస్తా రోడ్డు తప్పు అయిపోతుంది. వాళ్ళ లెక్కలో లోపమున్న అద్దం అంటూ ఒక్కటీ ఉండదు. వంద మందికి ఇట్లే పగిలినా వందా రాళ్ళే. ఇంక వాళ్ళు ఫ్యాక్టరీలో దేన్ని సరిచేసుకుంటారు?

రాళ్ళు తగలవా అంటే తగుల్తాయి. ఎర్రగుంట్ల పక్క నాపరాళ్ళ లారీల వెనకాల, సిమెంటు లారీల వెనకాల పోయినవాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు. నిజంగా రాయి తగిలితే ఇన్సూరెన్స్ వేసుకోండి, దానికే కదా డబ్బు కట్టేది. కానీ తేడా కంటికి తెలుస్తుంది. రాయి తగిలితే తగిలిన చోట చిన్న గుంటో, నక్షత్రం మాదిరి చీలికలో ఉంటాయి. అంచులో మొదలై, గుంట లేకుండా లోపలికి పాకే పగులును మెకానిక్కులు స్ట్రెస్ క్రాక్ అంటారు. అద్దం అంచు తయారీలోనే దెబ్బతినుండొచ్చు, బిగించేటప్పుడు ఫ్రేములో ఒత్తిడి పడుండొచ్చు. పైన ఎండ, లోపల ఏసీ, దాంతో అది విచ్చుకుంటుంది. మన ఎండలు కొత్తవి కావు. కడప జిల్లాలో ఎండకు ఆగని అద్దం కడప జిల్లాలో అమ్మకూడదు, అంతే.

అద్దమే కదా అనుకోవద్దండి. ముందరి అద్దం రెండు గాజు పలకల నడుమ ప్లాస్టిక్ పొర పెట్టి చేసింది. దెబ్బ తగిలినా ముక్కలు మొహం మీద పడకుండా ఆ పొర పట్టుకుంటుంది. చానా కార్లలో పక్క సీటు ఎయిర్‌బ్యాగు తెరుచుకున్నప్పుడు ఈ అద్దానికే ఆనుకుంటుంది. ఆ పక్క సీట్లో కూర్చునేది మా ఆయమ్మ, ఆమె ఒళ్ళో మా మనవరాలు.

ఇప్పుడు విత్తనాల సంగతికొస్తా. మొలక రాలేదని అంగడికి పోతే ఏమంటారు? "నీళ్ళు ఎక్కువ పెట్టినావు, లోతుగా వేసినావు, నీ భూమి మంచిది కాదు." సరుకు ఎప్పుడూ మంచిదే, తప్పు ఎప్పుడూ కొన్నోడిదే! షోరూంలో ఏసీ ఉంది, విత్తనాల అంగట్లో ఫ్యాను ఉంది. మాట మాత్రం ఒకటే.

ఈ మాట మీద మన ఉమ్మడి రాష్ట్రం రైతులే సుప్రీంకోర్టు దాకా కొట్లాడి గెలిచినారు. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసు, 2012 జనవరి తీర్పు. రైతు కూడా వినియోగదారుడే అనింది కోర్టు. తెచ్చిన విత్తనమంతా చల్లేసే రైతు పరీక్షకని కొంత దాచిపెట్టుకోవాలనడం కుదరదు అనింది. ఇంక 2022లో హ్యుందాయ్ కేసు. గుద్దినప్పుడు ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. చాలినంత జోరుగా తగల్లేదని కంపెనీ వాదన. వేగం, బలం లెక్కలేసుకోవడానికి కొన్నవాడు ఫిజిక్సు పండితుడు కానక్కరలేదని చెప్పి, బండి మార్చివ్వాలన్న ఆర్డరును సుప్రీంకోర్టు ఖాయం చేసింది. మన అద్దం కూడా అంతే. ఎందుకు పగిలిందో గాజు శాస్త్రం చదివి మనం చెప్పాల్నా?

మీకిట్లా జరిగితే ఏం చేయాలో రాస్తున్నా, దాచిపెట్టుకోండి.

డెలివరీ రోజు దండలు, ఫోటోల కంటే ముందు అద్దం చూడండి. పగటి వెలుగులో, లోపలి నుంచి, తల అటూ ఇటూ కదిపి. కరెంటు స్తంభం వంకరగా కనపడినా, ఒక లైటు రెండుగా కనపడినా, అంచుల్లో తెల్లగా పొర లేచినా బండి తీసుకోవద్దు.

పగులు కనపడిన రోజే తేదీ పడేటట్టు ఫోటోలు, వీడియో తీయండి. గుంట లేదని దగ్గర నుంచి చూపించండి. నోటి మాట వద్దు. షోరూంకూ కంపెనీకీ మెయిలు పెట్టండి, స్పీడ్ పోస్టు పంపండి. 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి.

అద్దం మార్చినా పాతది వదలొద్దు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం కమిషన్ దాన్ని ల్యాబుకు పంపించవచ్చు. అది చెత్తలో పడితే మన సాక్ష్యం చెత్తలో పడినట్టే.

కేసు వేయడానికి చెన్నైకో ముంబైకో పోవాల్సిన పని లేదు. మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, మనకు కడప. రెండేండ్ల లోపల వేయాల. ఐదు నుంచి పది లక్షల సరుకుకు ఫీజు 200 రూపాయలు. లాయరు లేకుండా మనమే మాట్లాడుకోవచ్చు. పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టంలో ఉంది. వాయిదాలు పడవని నేను చెప్పను, పడతాయి.

నా సంగతి ఎక్కడిదాకా వచ్చిందంటే, రెండో లెటరు తర్వాత కంపెనీ ఇంజనీరు వచ్చి చూసినాడు. "రాయి గుర్తు లేదు" అని నోటితో అన్నాడు. అదే మాట కాగితం మీద రాయమంటే బ్యాగు సర్దుకున్నాడు. తర్వాత ఫోన్ వచ్చింది, సగం ఖర్చు భరిస్తామని. తప్పు లేకుంటే సగం ఎందుకిస్తారు? తప్పుంటే సగమే ఎందుకిస్తారు?

బండి వేపచెట్టు కింద ఉంది. కంతు మాత్రం నెలనెలా పోతానే ఉంది. అమ్మను ఆసుపత్రికి బస్సులో ప్రొద్దుటూరు తీసుకపోతున్నాం. ఇంట్లో కూడా "ఆ సంతకం ఏదో పెట్టేసుంటే పోయేది కదా" అనే మాట వస్తోంది. కష్టంగా ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాల? అయినా సోమవారం కడపకు పోతున్నా, కాగితాలన్నీ కట్టగట్టి పెట్టినా.

మీలో ఎంతమంది ఇట్లా "రాయి తగిలింది" అని సంతకం పెట్టినారో కింద రాయండి. సిగ్గుపడొద్దు, పెట్టించినోళ్ళది ఆ సిగ్గు. ఎన్ని రాళ్ళో ఒకసారి లెక్క తేల్చుకుందాం.